ఎవరి తీరికకు ఈ శిక్షణ?

హైదరాబాద్ పాతబస్తీ సర్కారు బళ్లలో పనిచేసే టీచర్లకు డిజిటల్ బోధనలో శిక్షణ ఇచ్చారా అని అడిగి చూడండి, కాగితం మీద జవాబు సిద్ధంగా ఉంటుంది. ఫలానా కోర్సు, ఫలానా తేదీన పూర్తి, ఇదిగో సర్టిఫికెట్టు. ఆ కోర్సు అయ్యాక తరగతి గదిలో ఏం మారిందని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు మరి. అడగాలని పైనుంచి కిందిదాకా ఎవరికీ తోచినట్టు లేదు. ‘మీకు వీలున్నప్పుడు, మీ వేగంతో నేర్చుకోండి’ అంటూ కొన్నేళ్లుగా టీచర్ల ఫోన్లలోకి దింపుతున్న ఈ ఆన్‌లైన్ కోర్సుల తంతు ఇప్పుడున్న రూపంలో శిక్షణ అనిపించుకోదు. సరిదిద్దే ఉద్దేశం ప్రభుత్వానికి ఉంటే వచ్చే విద్యా సంవత్సరంలోపు సరిదిద్దాలి. లేదంటే ఆపేయాలి. కనీసం టీచర్లకు ఆ సాయంత్రాలైనా మిగులుతాయి.

పుట్టుకలో దీనికి వంక పెట్టాల్సిందేమీ లేదు. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు చేతుల మీదుగా ‘దీక్షా’ ఆన్‌లైన్ వేదిక మొదలైంది. 2019 ఆగస్టు 21న ‘నిష్ఠ’ వచ్చింది. దేశమంతటా సుమారు 42 లక్షల మంది టీచర్లకు, హెచ్చెమ్‌లకు ముఖాముఖి శిక్షణ ఇస్తామని, ప్రపంచంలో ఇంత పెద్ద ఉపాధ్యాయ శిక్షణ మరొకటి లేదని కేంద్రం చెప్పుకుంది. అది నడుస్తుండగానే కరోనా వచ్చిపడింది. 2020 అక్టోబరుకల్లా శిక్షణ మొత్తం దీక్షా మీదికి, అంటే టీచరు సొంత ఫోను మీదికి మారిపోయింది. ఎలిమెంటరీ స్థాయికి 18 కోర్సులు. తర్వాత ఉన్నత పాఠశాలల వారికి నిష్ఠ 2.0, చిన్న తరగతుల వారికి నిష్ఠ 3.0. బోధనలో ఐసీటీ (సమాచార సాంకేతికత) వాడకం మీద అన్నిటా ఒక కోర్సు. ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్యాలు పెంచుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం నిర్దేశించడంతో, ఆ గంటలు నింపడానికి ఇంతకన్నా సులువైన దారి అధికారులకు కనిపించలేదు.

కరోనా వెళ్లిపోయింది. ఆపద్ధర్మంగా వచ్చిన ఏర్పాటు మాత్రం తిష్ఠ వేసింది. ఎందుకో ఊహించడం కష్టమేమీ కాదు. హాలు అక్కర్లేదు, టీఏ డీఏలు అక్కర్లేదు, మధ్యాహ్న భోజనం ఖర్చు లేదు, రిసోర్స్ పర్సన్లను వెతికి పట్టుకోవాల్సిన పని లేదు. చివరికి బొమ్మలతో ఆడిస్తూ పాఠం చెప్పడం ఎలాగనే కోర్సును కూడా నిష్ఠ 3.0లో ఫోను తెర మీదే పూర్తి చేయించారు. బొమ్మ చేత పట్టకుండానే బొమ్మల బోధనలో టీచర్లు ఉత్తీర్ణులయ్యారు.

లోపలికి వెళ్లి చూస్తే కోర్సు ఇలా సాగుతుంది. ఒక వీడియో, దాని కింద చదవాల్సిన నాలుగు పేజీలు, ఒక చిన్న కృత్యం, మళ్లీ వీడియో. చివర్లో బహుళైచ్ఛిక ప్రశ్నలు. 70 శాతం మార్కులు దాటితే సర్టిఫికెట్టు. వీడియో చూశారా, ఫోను చార్జింగుకి పెట్టి వంటింట్లోకి వెళ్లారా అన్నది యంత్రానికి తెలియదు. గడువు దగ్గర పడేకొద్దీ క్లస్టరు వాట్సాప్ గ్రూపులో పేర్ల జాబితా తిరుగుతుంది. పూర్తిచేసినవారు, చేయనివారు, శాతం. చేయనివారి పేర్లు ఎర్రరంగులో. మీ స్కూల్ కాంప్లెక్సు (దగ్గరి బళ్ల సముదాయం) వెనకబడిందని క్లస్టర్ రిసోర్స్ పర్సన్ హెచ్చెమ్‌కు చెబుతాడు. హెచ్చెమ్ స్టాఫ్ రూములో కేకేస్తారు. ఆ రాత్రే ఎక్కడినుంచో ఆన్సర్ కీ దిగుతుంది. యూట్యూబులో వెతికినా దొరుకుతుంది, మాడ్యూల్ నంబరుతో సహా. పొద్దున్నే గ్రూపులో స్క్రీన్‌షాట్లు వరసకడతాయి. శాతం నూటికి చేరుతుంది. డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్ ఆఫీసు ఊపిరి పీల్చుకుంటుంది, జిల్లా విద్యాధికారి (డీఈవో) ఆఫీసు నివేదిక పంపుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ ఏమీ నేర్చుకోలేదన్న సంగతి అందరికీ తెలుసు.

ఒత్తిడి లేనిచోట ఇలాంటి కోర్సుల గతి ఏమిటో కూడా లోకానికి తెలిసిందే. హార్వర్డ్, ఎంఐటీ కలిసి పెట్టిన ఎడెక్స్ వేదిక మీద లక్షలమంది చేరిన ఉచిత కోర్సుల లెక్కలను పరిశోధకులు తీసి 2019లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. 2017–18లో చేరినవారిలో కోర్సు పూర్తిచేసింది సుమారు 3 శాతం. ప్రపంచ ప్రఖ్యాత ఆచార్యులు చెప్పిన పాఠాలకే, ఇష్టపడి చేరినవారిలోనే, నూటికి ముగ్గురు మిగిలారు. మన దగ్గర అడిగి చేరినవారు లేరు, అయినా అందరూ పూర్తిచేస్తారు. ఈ తేడా చూసి విద్యాశాఖ గర్వపడుతోందో, సిగ్గుపడుతోందో తేల్చుకోవాలి. నూటికి నూరు శాతం పూర్తయిందని నివేదిక వచ్చిన రోజే ఏదో తేడా ఉందని పసిగట్టాల్సింది. పరీక్షలో తరగతి మొత్తానికీ నూటికి నూరు వస్తే ఇన్విజిలేటరును పిలిచి అడగరా?

ఇక్కడ టీచర్లను వెనకేసుకురావడం కుదరదు. పదో తరగతి పరీక్ష హాల్లో పిల్లవాడి జేబులో చీటీ దొరికితే డిబార్ చేయించే చెయ్యే రాత్రి పదింటికి ఆన్సర్ కీ ఫార్వర్డ్ చేస్తోంది. బలవంతం ఉందన్నది నిజం. కానీ బలవంతాన్ని బలవంతమని చెప్పే దారులు ఉపాధ్యాయులకు లేకపోలేదు. పీఆర్సీ మీద, బదిలీల మీద, పెన్షన్ మీద ధర్నాచౌక్ దద్దరిల్లేలా గొంతెత్తే సంఘాలు ‘ఈ శిక్షణ మాకు పనికిరావడం లేదు, పనికొచ్చేది ఇవ్వండి’ అని ఎంత గట్టిగా అడిగాయి? శిక్షణే వద్దనడం వేరు, మంచి శిక్షణ కావాలనడం వేరు. మొదటిది అడగడానికి మొహమాటం, రెండోది అడగడానికి బద్ధకం. మధ్యలో ఆన్సర్ కీ అందరికీ సుఖంగా ఉంది.

అయినా అసలు దోషం టీచరుది కాదు. వీలున్నప్పుడు నేర్చుకోమన్నారు. ఆ వీలు ఎవరి చేతిలో ఉంది? తలాబ్‌కట్టలోనో, కిషన్‌బాగ్‌లోనో ప్రాథమిక పాఠశాలలో పనిచేసే సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ) రోజు ఎలా మొదలవుతుందో చూడాలి. 2025 ఆగస్టు నుంచి ముఖం చూపి హాజరు వేయించుకోవాలి. పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, యూడైస్ వివరాలు, చదవడం రాయడం లెక్కల సామర్థ్యాల నమోదు, అన్నీ ఫోనులోనే. ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసుకునే బళ్లలో యాప్ తెరిచిన ప్రతిసారీ ఒక తరగతి గాలికి పోతుంది. 2024 నవంబరులో కులగణనకు ఎస్జీటీలను ఇంటింటికీ తిప్పారు. ప్రాథమిక బళ్లు ఒంటిపూటకు కుదించారు. ఎన్నికల జాబితాల పని ఎప్పుడూ ఉన్నదే. ఇన్నిటి తర్వాత సాయంత్రం ఇంటికి చేరిన టీచరమ్మకు మిగిలేది, పిల్లలు హోంవర్కు చూసుకున్నాక తన చేతికి తిరిగొచ్చిన ఫోను, దాని మీద పది శాతం చార్జింగు. ఆ ఫోను తను కొన్నదే, అందులో డేటా తన జీతంలోదే. బడి గంటల్లో ఒక్క పీరియడ్ కూడా శిక్షణకని పక్కనపెట్టని ప్రభుత్వం, టీచరు నిద్రలోంచి 50 గంటలు కోసుకుని తన ఖాతాలో వేసుకుంటోంది.

ఇది చాలదన్నట్టు, ఏ పరికరం కోసం ఈ శిక్షణో ఆ పరికరం కథ వేరే నడుస్తోంది. 2022 మార్చి 8న వనపర్తిలో ‘మన ఊరు – మన బడి’ మొదలైంది. నగరంలో దాన్ని ‘మన బస్తీ – మన బడి’ అన్నారు. మూడు విడతల్లో 26,065 బళ్లు, రూ.7,289 కోట్లకు పైగా అంచనా. మరుగుదొడ్లు, కరెంటు, తాగునీరు, ప్రహరీలు మొదలుకుని 12 అంశాలు. వాటిలో డిజిటల్ విద్య ఒకటి. ఉన్నత పాఠశాలల్లో 8, 9, 10 తరగతుల గదులకు పెద్ద తాకుడు తెరలు, టీచర్ల మాటలో ఐఎఫ్‌పీలు, వచ్చాయి. వాటిని గోడకు బిగించినవాళ్లు స్విచ్ ఎక్కడుందో చూపించి వెళ్లారు. పాఠం మధ్యలో తెర బిగుసుకుపోతే, ఇంటర్నెట్ లేని రోజు ముందే దించుకున్న పాఠం ఎలా నడపాలంటే, పిల్లల్ని తెర దగ్గరకు పిలిచి లెక్క చేయించాలంటే ఎవరిని అడగాలి? ఫోనులో సర్టిఫికెట్టు ఉంది కదా అన్నది వ్యవస్థ ఇచ్చే జవాబు. అందుకే చాలాచోట్ల ఐఎఫ్‌పీ యూట్యూబు చూపించే టీవీగా మిగిలింది. పాతబస్తీలో అద్దె భవనాల్లో, ఒకే ఆవరణలో రెండు మూడు బళ్లు సర్దుకున్నచోట, దాన్ని దొంగల నుంచి కాపాడటమే ప్రధానోపాధ్యాయుల మొదటి చింత.

ఈ దారిలో మనం నడవడం కొత్తకాదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 5,000 ఉన్నత పాఠశాలల్లో ‘బూట్’ పద్ధతి మీద కంప్యూటర్ ల్యాబులు పెట్టారు. ప్రైవేటు ఏజెన్సీలు పరికరాలు పెట్టాలి, అయిదేళ్లు నడపాలి, తర్వాత బడికి అప్పగించాలి. కంప్యూటరు చెప్పడానికి కాంట్రాక్టు బోధకులు వచ్చారు. కాంట్రాక్టు గడువు ముగియగానే వాళ్లు పోయారు. బడిలోని లెక్కల సారుకు, సైన్సు టీచరుకు ఆ ల్యాబుతో ఏం చేయాలో అయిదేళ్లలో ఎవరూ నేర్పలేదు కనుక గదికి తాళం పడింది, మానిటర్ల మీద దుమ్ము పేరింది. అప్పుడు చేసిన తప్పు యంత్రాన్ని టీచరుకు దూరంగా ఉంచడం. ఇప్పుడు యంత్రాన్ని టీచరు ముందే పెట్టి, నేర్పే మనిషిని తీసేశారు.

మనిషి ఎందుకు కావాలో పాతబస్తీలోని ఉర్దూ మీడియం బడికి వెళ్తే అర్థమవుతుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారు. అంకెలు, సమీకరణాలు ఎడమ నుంచి కుడికి. నల్లబల్ల మీద ఇది ఎప్పుడూ సమస్య కాలేదు, చాక్‌పీసు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. కంప్యూటరు అలా కాదు. అయిదో తరగతి టీచరు ఉర్దూ వాక్యం మధ్యలో 12 ÷ 4 అని కొడితే, తెర మీద అది 4 ÷ 12 అయి కూర్చుంటుంది. వాక్యం దిశ కుడినుంచి కాబట్టి భాగహారం గుర్తుకు అటూ ఇటూ ఉన్న అంకెలు చోట్లు మార్చుకుంటాయి. భాగహారం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న పిల్లవాడి ముందు ఆ స్లయిడు పెడితే ఏమవుతుంది? పిల్లవాడి లెక్క తప్పవుతుంది. టీచరు తనకే ఏదో రాలేదనుకుని, ఇక ఆ తెర జోలికి పోరు. పేరా దిశ మార్చే మీట ఒకటి ఉంటుంది, లేదా లెక్కను విడిగా మరో పెట్టెలో రాసుకోవచ్చు. పక్కన కూర్చుని చూపించేవారుంటే పది నిమిషాల పని. లేకపోతే ఏళ్ల తరబడి తెగని చిక్కు.

అక్కడితో ఆగదు. ఉర్దూ డీటీపీని దశాబ్దాలుగా ఏలుతున్నది ఇన్‌పేజ్. దాని పాత ఫైళ్లలోని అక్షరాలను ఎత్తి పవర్‌పాయింట్‌లో పెడితే అర్థంలేని గుర్తుల గుట్ట వస్తుంది. యూనికోడ్‌లోకి మార్చుకోవాలని తెలిస్తే గండం గడుస్తుంది. తెలియకపోతే ప్రశ్నపత్రం మొత్తం మళ్లీ కొట్టాలి. పిల్లలు పుస్తకాల్లో చదివేది వాలుగా జారే నస్తాలీఖ్ లిపి. చాలా ఫోన్లూ తెరలూ చూపించేది నిటారైన నస్ఖ్. మూడో తరగతి పిల్లలు దాన్ని చూసి తడబడతారు. సరైన ఫాంటు ఎక్కించుకోవడం టీచరుకు నేర్పాలి. తెలుగు మీడియం టీచరుకూ ఇలాంటి చిక్కులు ఉన్నాయి, పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న మెటీరియల్‌తో కుస్తీ వాళ్లకూ తెలుసు. కానీ ఉర్దూ టీచరు కష్టం రెండింతలు. దేశమంతటికీ ఒకే అచ్చులో పోసిన వీడియో, ఎంత శ్రద్ధగా తీసినా, షాలిబండలో ఒక టీచరు వేలు ఏ మీట దగ్గర ఆగిపోయిందో కనిపెట్టలేదు. 2017లో రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాషగా చేసిన ప్రభుత్వానికి, ఉర్దూ టీచరు తెర మీద ఒక భాగహారం సరిగా రాసుకోగలదా అని చూడటానికి తీరిక దొరకలేదు.

ఇదే నగరం ఒకప్పుడు ఈ పనిని సరైన వరసలో చేసింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూలో చదువు చెప్పాలనుకున్నప్పుడు నిజాం ప్రభుత్వం తరగతులు తెరవకముందే, 1917లో, అనువాద సంస్థ దారుల్ తర్జుమాను నెలకొల్పింది. పుస్తకాలు, పారిభాషిక పదాలు తయారుచేసే పండితులను ముందు కూర్చోబెట్టింది. చెప్పేవాడి చేతిలో సరుకు లేనిదే తరగతి తెరిచి లాభం లేదని రాచరికానికి తెలిసింది. ఇప్పటి వరస తలకిందులు. ముందు టెండరు, తర్వాత ప్యానెల్, దానివెనక యాప్, అన్నీ అయ్యాక ఎప్పుడో టీచరు.

టీచరుకు నేర్పేవాడు అక్కర్లేదన్న ఆలోచనకు పాతబస్తీతో చిత్రమైన బంధుత్వం కూడా ఉంది. ఢిల్లీలో 1999లో గోడకు కన్నం పెట్టి కంప్యూటరు అమర్చి, పిల్లలు తమంతట తామే నేర్చుకుంటారని చూపిన సుగత మిత్ర, ఆ తర్వాత మన నగరంలోనే ఇంకో ప్రయోగం చేశారు. పిల్లలు మాట్లాడితే అక్షరాలుగా మార్చే కంప్యూటరును ఇచ్చి, దాంతోనే ఇంగ్లీషు ఉచ్చారణ దిద్దుకోనిచ్చారు. మెరుగుపడిందని 2003లో పత్రం వెలువరించారు. ఆయనకు 2013లో పది లక్షల డాలర్ల టెడ్ బహుమతి వచ్చింది. పిల్లల కుతూహలం మీద ఆయనకున్న నమ్మకంతో తగువు లేదు. కానీ ఒక గుంపు పిల్లలు ఒక కంప్యూటరు చుట్టూ మూగి, ఒకరినొకరు తోసుకుంటూ, అడుగుతూ, నవ్వుకుంటూ నేర్చుకున్నదానికీ, ఒంటరిగా ఒక టీచరు రాత్రిపూట నొక్కుకుంటూ పోయే మాడ్యూల్‌కూ పోలిక లేదు. అక్కడ గుంపు ఉంది, వేళ ఉంది, ఆట ఉంది. ఇక్కడ గడువు ఒక్కటే ఉంది.

ఆ పత్రంలో మిత్రతో కలిసి పనిచేసిన పరిశోధకులు జేమ్స్ టూలీ, పౌలిన్ డిక్సన్ తర్వాత బండ్లగూడ, బహదూర్‌పురా, చార్మినార్ మండలాల బస్తీల్లో బళ్లు లెక్కించారు. మొత్తం 918 తేలాయి. వాటిలో సుమారు 60 శాతం ఎయిడ్ అందని ప్రైవేటువి, అందులోనూ చాలావాటికి గుర్తింపే లేదు. ఈ లెక్క పాతదే, కానీ గల్లీకొక బడ్జెట్ స్కూలు బోర్డు ఇప్పటికీ కనిపిస్తుంది. టూలీ వాటిని మెచ్చుకుంటూ పుస్తకమే రాశారు. ఆ మెచ్చుకోలుతో మేం ఏకీభవించం. కానీ ఆ బళ్లలో కొద్దిపాటి జీతానికి పాఠాలు చెబుతున్నది ఈ బస్తీల ఆడపిల్లలే, నేర్చుకుంటున్నది ఈ బస్తీల పిల్లలే. వాళ్లు ప్రభుత్వానికి గుర్తొచ్చింది ఒక్కసారి. శిక్షణ లేని టీచర్లంతా 2019 మార్చి 31లోపు అర్హత తెచ్చుకోవాలని విద్యాహక్కు చట్టం సవరించినప్పుడు, 13 లక్షలకు పైగా మందిని జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్ఐఓఎస్) డి.ఎల్.ఎడ్.లో చేర్చి, స్వయం వేదిక వీడియోలతో, టీవీ పాఠాలతో నడిపించారు. దానికి కనీసం శని ఆదివారాల ముఖాముఖి తరగతులు ఉన్నాయి. ఆ డిప్లొమా ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ తర్వాత బడ్జెట్ స్కూలు టీచరమ్మ సంగతి ఎవరూ తలవలేదు.

ఇంతకన్నా బాగా చేయవచ్చని రుజువు దూరాన ఎక్కడో లేదు. కేరళ 2001లో ఐటీ అట్ స్కూల్ మొదలుపెట్టింది. 2017లో దాన్ని ‘కైట్’ సంస్థగా మార్చింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీద, మలయాళంలో, సొంత టీచర్లలోంచే మాస్టర్ ట్రైనర్లను తయారుచేసుకుని, ఏళ్ల తరబడి వాళ్లను కదపకుండా ఉంచింది. వాళ్లకూ ఆన్‌లైన్ కోర్సుంది, దాని పేరు కూల్. అయితే అందులో చేరిన టీచర్లకు మెంటర్లుంటారు, పంపిన అసైన్‌మెంటును మనిషి దిద్దుతాడు. 2024 మే నెలలో కృత్రిమ మేధ మీద హైస్కూలు, హయ్యర్ సెకండరీ టీచర్లకు శిక్షణ పెట్టినప్పుడు 25 మంది చొప్పున బ్యాచులు చేసి, మూడు రోజులు ల్యాప్‌టాపుల ముందు కూర్చోబెట్టారు. వీడియో లింకు పంపి చేతులు దులుపుకోలేదు.

కేరళ పేరు చెబితే మన అధికారులకు చిరాకు. సరే, తెలంగాణ సంగతే చూద్దాం. 2015లో టాటా ట్రస్టులు, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అమెరికాలోని ఎంఐటీ కలిసి ‘క్లిక్స్’ అనే కార్యక్రమం నడిపాయి. మన రాష్ట్రంలో సుమారు 300 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు అందులో ఉన్నాయి. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు మాడ్యూళ్లు తెలుగులోనూ వచ్చాయి. టీచర్లు మొబైల్ గ్రూపుల్లో తమ తరగతి ఫోటోలు పెట్టి, సందేహాలు అడిగి, ఒకరికొకరు జవాబులు చెప్పుకున్నారు. 2017కు గాను యునెస్కో బహుమతి కూడా దక్కింది. అదే ఫోను, అదే గ్రూపు. ఒకచోట పాఠం గురించి మాట్లాడుకోవడానికి, ఇంకోచోట స్క్రీన్‌షాటు పంపడానికి. ప్రాజెక్టు ముగిశాక ఆ అనుభవం ఫైళ్లలో పడుకుంది. అందులో రాటుదేలిన టీచర్లు ఇప్పటికీ రాష్ట్రంలోని బళ్లలో ఉన్నారు. వాళ్లను పిలిచి ‘మీ పక్క బడికి వారానికొకసారి వెళ్లి నేర్పండి’ అని ఎవరూ అడగడం లేదు.

ఇప్పుడేమో కృత్రిమ మేధ వంతు. 2025లో ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సహకారంతో ప్రాథమిక బళ్లలో ఏఐ ఆధారిత అభ్యాసం మొదలైంది. పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుని తన స్థాయికి తగ్గ అభ్యాసాలు చేస్తాడు. వెనకబడిన పిల్లవాడికి ఇది ఉపయోగపడవచ్చు. కానీ తెర మీద వచ్చిన ఫలితం చూసి మర్నాడు ఏం చెప్పాలో నిర్ణయించేది టీచరు. ఆ నిర్ణయం నేర్పే శిక్షణ కూడా మళ్లీ ఒక లింకుగా గ్రూపులోకి వస్తే, డబ్బు బూడిదలో పోసినట్టే. పెరూ దేశం పిల్లలకు లక్షల ల్యాప్‌టాపులు పంచి, టీచర్లను పక్కనపెట్టింది. లెక్కల్లోనూ భాషలోనూ పిల్లల ఫలితాలు మెరుగుపడలేదని 2012లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు అధ్యయనం తేల్చింది.

సంఖ్య పెద్దది, ట్రైనర్లు తక్కువ, ఆన్‌లైన్ తప్ప గత్యంతరం లేదన్నది శాఖ వాదన. ట్రైనర్లు తక్కువైంది ఎవరివల్ల? 1986 విద్యా విధానం తర్వాత టీచర్ల శిక్షణ కోసమే పుట్టిన డైట్ కాలేజీల్లో అధ్యాపక పోస్టులు భర్తీ చేయకుండా ఏళ్లు గడిపింది ఈ శాఖే. మాసాబ్‌ట్యాంకులో ఉపాధ్యాయ విద్యా సంస్థ ఐఏఎస్‌ఈ ఉంది. గచ్చిబౌలిలో 1998 నుంచి మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఉర్దూ మీడియం టీచర్ల వృత్తి నైపుణ్యానికే అక్కడ ప్రత్యేక కేంద్రం కూడా ఉంది. చార్మినార్‌కు గచ్చిబౌలి ఎంత దూరమని, కనీసం ఉర్దూ టీచర్ల కోసం ఒక ఒప్పందం నడపలేమా? చేతిలో ఉన్నవి వాడకుండా గత్యంతరం లేదనడం కుంటిసాకు.

ఆన్‌లైన్ పాఠాన్ని పారేయమని మేం అనడం లేదు. మరిచిపోయినదాన్ని మళ్లీ చూసుకోవడానికి, చూసివచ్చి చర్చించడానికి వీడియో మంచి సాధనం. తప్పల్లా దాన్నే మొదలూ చివరా చేయడంలో ఉంది. కాబట్టి కింది పనులకు ప్రభుత్వం వెంటనే ఉత్తర్వులివ్వాలి. సర్టిఫికెట్ల శాతంతో బళ్లకు, కాంప్లెక్సులకు ర్యాంకులు కట్టడం ఈరోజే ఆపాలి, గ్రూపుల్లో ఎర్రరంగు జాబితాలు నిషేధించాలి. శిక్షణ గంటలన్నీ బడి పనివేళల్లోకి తేవాలి. కాంప్లెక్సు సమావేశాలు ఎలాగూ జరుగుతున్నాయి, వాటిలో సర్క్యులర్లు చదివే వేళను సగానికి కోసి, ఐఎఫ్‌పీ ముందు నిలబడి ఒకరు పాఠం చెప్పడం, మిగతావారు తప్పులు పట్టడం పెట్టాలి. ఒక్కో కాంప్లెక్సుకు, ఉర్దూ బళ్లకు విడిగా, పని వచ్చిన టీచరును ఒకరిని గుర్తించి, వారంలో ఒక రోజు బోధన నుంచి విడుదల చేసి, తక్కిన బళ్లకు పంపాలి. ఆ రోజు వారి తరగతికి బదులు టీచరును ఇవ్వాలి. ఇవ్వకపోతే ఈ ఏర్పాటూ కాగితం మీదే మిగులుతుంది. ఆ శిక్షణ తలుపులు బడ్జెట్ స్కూలు టీచర్లకూ తెరవాలి, ఫీజు లేకుండా.

ఇక లెక్క. తెర ఎన్ని గంటలు వెలిగిందో యంత్రంలోనే నమోదు చేయించవచ్చు. చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడ, సైదాబాద్ మండలాల్లోని ప్రతి ఉన్నత పాఠశాలలో ఎన్ని ఐఎఫ్‌పీలు ఉన్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, గత నెలలో ఏ సబ్జెక్టుకు ఎన్ని పీరియడ్లు వాడారు, ఎవరూ వాడనిచోట కారణమేమిటి అన్నది హైదరాబాద్ డీఈవో బడివారీగా ప్రకటించాలి. వేసవి సెలవుల తర్వాత జూన్ 12న బళ్లు తెరుచుకునేలోగా ఆ జాబితా ప్రతి బడి నోటీసు బోర్డు మీద, తెలుగులోనూ ఉర్దూలోనూ, తల్లిదండ్రులకు కనబడేలా ఉండాలి.